టేపు కన్నా ముందు చేత్తో తడమండి: పోనీ బ్రీడింగ్‌లో ఎముక పుష్టి, కాళ్ల వాటం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ దగ్గర ఎనిమిదేళ్ల ఆడ పోనీ ఉంది. వెల్ష్ జాతిలో సెక్షన్ బి అనే తేలికపాటి సవారీ రకం, ఎత్తు 130 సెంటీమీటర్లు. తల అందంగా ఉంటుంది, నడక తేలిక, పిల్లలు ఎక్కినా బెదరదు. కానీ ముందు కాలికి మోకాలి కింద టేపు చుట్టి కొలిస్తే 16.5 సెంటీమీటర్లే వచ్చింది. చూసినవాళ్లంతా కాళ్లు సన్నం అంటున్నారు. అందుకని అదే కొలత 20.5 సెంటీమీటర్లు ఉన్న సెక్షన్ సి (బరువైన రకం) స్టాలియన్‌కి, అంటే మగ పోనీకి, దాటిస్తే (జత కట్టిస్తే) పిల్లకి రెండింటికీ మధ్యరకం కాళ్లు వస్తాయని మీ ఆలోచన. ఇది సరైన దారేనా, అసలు ఎముక పుష్టిని ఎలా అంచనా కట్టాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. ఆ 20.5 అనే అంకె ఒక్కటే చూసి మాత్రం దాటించకండి. అలాగే 16.5 అనే అంకె ఒక్కటే చూసి మీ ఆడ పోనీని తక్కువ చేయకండి. పోనీలను పెంచి, ఈతలు (ప్రసవాలు) చూసి, వాటి పిల్లలు ముసలివయ్యేదాకా గమనించిన నా అనుభవంలో టేపు చెప్పే అంకె చివర అడగాల్సిన ప్రశ్న. దానికన్నా ముందు చేత్తో తెలుసుకోవాల్సినవి, కంటితో చూడాల్సినవి చాలా ఉన్నాయి.

"ఎముక" అని మనం కొలిచేది నిజానికి ఏమిటో చూద్దాం. ముందు కాలికి మోకాలి కింద టేపు చుట్టినప్పుడు అందులో పడేది కానన్ ఎముక (మోకాలి కింద ఉండే పొడవాటి ఎముక) ఒక్కటే కాదు. దాని వెనక సస్పెన్సరీ లిగమెంటు అనే గట్టి పట్టీ, ఆ వెనక రెండు ఫ్లెక్సర్ టెండన్లు (కాలిని మడిచే నరాల తాళ్లలాంటివి), ఎముకకి చెరోపక్క అతుక్కుని ఉండే సన్నటి స్ప్లింట్ ఎముకలు, వీటన్నిటిపైన చర్మం, వెంట్రుకలు కూడా పడతాయి. కాబట్టి ఒకే 18 సెంటీమీటర్లు రెండు పోనీల్లో రెండు వేరువేరు సంగతులు కావచ్చు. ఒకదానిలో గట్టి ఎముక, దానికి బాగా వెనక్కి ఎడంగా నిలిచిన టెండన్. ఇంకోదానిలో గుండ్రటి కాలు, మందమైన చర్మం, దాని కింద మెత్తటి కణజాలం. లోపల ఎముక గోడ ఎంత మందంగా ఉంది, ఎంత చిక్కగా ఉంది అనేది ఏ టేపూ చెప్పలేదు.

అందుకే ముందు చేయి పెట్టండి. పోనీ నాలుగు కాళ్ల మీదా సమానంగా నిలబడి ఉండాలి. పక్కన కూర్చుని బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు ఇంకోవైపు పెట్టి మోకాలి కిందినుంచి ఫెట్‌లాక్ (గిట్టకి పైన ఉండే కీలు) దాకా నెమ్మదిగా జారించండి. ముందు రాయిలా గట్టిగా తగిలేది కానన్ ఎముక. దాని వెనక మీ వేలికి ఒక గాడి తగలాలి. ఆ గాడిలో గట్టి పట్టీలా ఉండేది సస్పెన్సరీ. దాని వెనక మళ్లీ చిన్న గాడి. ఆ తర్వాత బిగించిన తాడులా టెండన్లు. ఈ మూడూ వేటికవి విడివిడిగా వేళ్లకి తెలిస్తే అది మంచి కాలు. అన్నీ కలిసిపోయి ఒకే గొట్టంలా తగిలితే, టేపు ఎంత పెద్ద అంకె చూపించినా నాకు ఆ కాలి మీద నమ్మకం కుదరదు. చర్మం ఎముకకి దగ్గరగా, పల్చగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు. రాత్రంతా కట్టేసి ఉంచిన గుర్రానికి కాళ్లలో నీరు దిగుతుంది. అలాంటప్పుడు కాసేపు నడిపించి ఆ తర్వాతే చూడాలి.

పాతవాళ్లు "చదునైన ఎముక" అని మెచ్చుకునేది ఈ విడివిడిగా ఉండే కాలినే. అక్కడ ఎముక నిజంగా చదునుగా ఉండదు. టెండన్ వెనక్కి ఎడంగా ఉండటం వల్ల కాలు పక్కనుంచి చూస్తే వెడల్పుగా, ముందునుంచి చూస్తే సన్నగా కనిపిస్తుంది. టెండన్‌కి ఆ ఎడం వల్ల లాగే బలం పెరుగుతుంది.

దీనికి వ్యతిరేకమైన లోపం మోకాలి కింద గొంతు నొక్కినట్టు ఉండటం. పక్కనుంచి చూస్తే మోకాలి వెనకభాగం దగ్గర కాలు లోపలికి కోసినట్టు సన్నగా ఉండి, కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అక్కడ టెండన్లకి చోటు తక్కువ. దీన్ని పట్టుకోవడానికి సులువైన పద్ధతి రెండు చోట్ల కొలవడం. మోకాలి కింద వెంటనే ఒకసారి, కానన్ మధ్యలో ఒకసారి. పైకొలత మధ్యకొలత కన్నా తక్కువ వస్తే జాగ్రత్తపడాలి. మీరు ఒక్కచోటే కొలిచినట్టున్నారు. రెండోది కూడా కొలవండి. నా దృష్టిలో మీ 16.5 కన్నా ఆ తేడాయే ముఖ్యం.

కొలిచే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు చిన్నది కాదు. 18 సెంటీమీటర్ల కాలికీ 19 సెంటీమీటర్ల కాలికీ చుట్టుకొలతలో తేడా ఒక్క సెంటీమీటరే. కానీ అడ్డకోత వైశాల్యం చుట్టుకొలత వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అక్కడ తేడా దాదాపు 11 శాతం. వంగకుండా తట్టుకునే శక్తిలో అయితే ఇంకా ఎక్కువ. అంటే అరసెంటీమీటరు తప్పు కొలిచినా లెక్క బాగా తారుమారవుతుంది. బట్టలు కుట్టేవాళ్లు వాడే మెత్తటి టేపు తీసుకోండి, సాగినది కాకూడదు. వెంట్రుకలు నొక్కుకునేంత బిగించాలి, చర్మం లోపలికి దిగేంత కాదు. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోండి. రెండు ముందు కాళ్లూ కొలవండి. వేసవి వెంట్రుకలతో ఉన్నప్పుడు కొలిచిందే లెక్కలోకి తీసుకోండి.

ఈ చివరి మాట నేను నష్టపోయి నేర్చుకున్నది. మొదట్లో నాకు కూడా బరువైన కాళ్ల మీద మోజు ఉండేది. చలికాలంలో ఒక స్టాలియన్‌ని చూడటానికి వెళ్లాను. నిండా బొచ్చు, ఫెట్‌లాక్ చుట్టూ కుచ్చులు, టేపు పెడితే 21. నేను ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. వేళ్లు పెట్టి చూడాలని తోచలేదు. రెండు ఆడ పోనీలను దాటించాను. ఆ తర్వాత ఎండాకాలంలో మళ్లీ చూసినప్పుడు అదే కాలు కొలిస్తే 19.5 వచ్చింది. తడిమితే ఏ గాడీ తెలియని గుండ్రటి కాలు. పుట్టిన ఇద్దరు పిల్లలకీ అదే కాలు వచ్చింది. అందులో ఒకదానికి మోకాలు వెనక్కి వంగి ఉండేది. దాన్ని ఆరేళ్లకే పని మాన్పించాల్సి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే. ఆ ఆడ పోనీ పిల్ల పచ్చికలో కుంటుతుంటే చూసిన బాధ ఇప్పటికీ పోలేదు.

ఇంకో పోనీ ఉండేది నా దగ్గర. దాని ఎముక 16.3 మాత్రమే. కానీ కానన్ పొట్టిగా, మోకాలు వెడల్పుగా, టెండన్ తీగలా ఉండేది. ఇరవై ఏళ్లు దాటాక కూడా దాని నాలుగు కాళ్ల మీదా ఒక్క ఉబ్బు లేదు. దాని మనవరాలు ఇప్పుడు ఈతకి సిద్ధంగా ఉంది. సన్నని కాళ్లని చూసి దాన్ని మొదట్లోనే వదులుకుని ఉంటే ఆ వంశం నా చేతిలో ఉండేది కాదు.

మరి ఎంత ఉంటే చాలు అనే ప్రశ్న మిగులుతుంది. గుర్రాల విషయంలో పాత లెక్క ఒకటి ఉంది: 1000 పౌండ్ల బరువుకి 7 అంగుళాల ఎముక, అంటే సుమారు 454 కిలోలకి 18 సెంటీమీటర్లు. చాలామంది ఈ లెక్కని పోనీలకి నేరుగా వర్తింపజేస్తారు. ఇక్కడే తికమక. బరువు సగమైతే ఎముక కూడా సగం చాలనుకుంటే 227 కిలోల పోనీకి 9 సెంటీమీటర్లు వస్తుంది. అలాంటి పోనీ ఎక్కడా ఉండదు. బరువుని మోసేది చుట్టుకొలత కాదు, అడ్డకోత. ఆ లెక్కన చూస్తే 227 కిలోలకి 12.7 సెంటీమీటర్ల దగ్గర అదే నిష్పత్తి వస్తుంది. మీ పోనీ 270 కిలోలుందనుకున్నా దాని 16.5 ఆ నిష్పత్తిని తేలిగ్గా దాటేస్తుంది. చిన్న గుర్రాలు తమ ఒంటికి మించి మోయగలగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

దీన్నిబట్టి పోనీలకి ఆ పాత లెక్క పనికిరాదని నా అభిప్రాయం. ఏ పోనీ అయినా అందులో పాసవుతుంది, కాబట్టి అది ఏదీ వడకట్టదు. పోల్చాల్సింది అదే జాతిలో, అదే ఎత్తులో, అదే వయసులో ఉన్న పోనీలతో. ఆడ మగ కూడా కలపకూడదు, ఎందుకంటే స్టాలియన్లకి సహజంగానే కొంచెం ఎక్కువ ఎముక ఉంటుంది. మీ ఆడ పోనీని ఆ సెక్షన్ సి స్టాలియన్‌తో పోల్చకండి. ఆ స్టాలియన్ అక్కచెల్లెళ్ల కాళ్లు ఎంత ఉన్నాయో కనుక్కోండి. వెల్ష్ జాతుల్లో సెక్షన్ బి, సెక్షన్ సి రెండిటికీ మూల దేశంలో ఎత్తు పరిమితి ఒకటే, 13.2 హ్యాండ్లు (గుర్రాల ఎత్తు కొలిచే ప్రమాణం), అంటే 137.2 సెంటీమీటర్లు. మొదటిది తేలికగా సాగే సవారీ పోనీ, రెండోది కాబ్ అనే దిట్టమైన రకం. ఎత్తు ఒకటే కదా అని కాళ్లు కూడా ఒకేలా ఉండాలని ఆశించడం న్యాయం కాదు. మీ పోనీ తన రకానికి కొంచెం సన్నమే, ఒప్పుకుంటాను. కానీ చూసినవాళ్లు భయపెట్టినంత సన్నం కాదు.

ఇప్పుడు అసలు విషయం, సన్నానికి లావు కలిపితే మధ్యరకం వస్తుందా?

ఎముక మందం, కానన్ పొడవు, ఒంటి బరువు, తల సైజు, గిట్ట సైజు వీటిని నడిపించేది ఒక్క జన్యువు కాదు, ఎన్నో కలిసి. ఇరవై పిల్లలు పుడితే వాటి సగటు మధ్యలో ఉండొచ్చు. కానీ మీకు పుట్టేది ఒక్కటి. ఆ ఒక్కదానికి తండ్రి బరువైన ఒళ్లు, తల్లి సన్నని కాళ్లు కలిసి రావచ్చు. అదే అన్నిటికన్నా చెడ్డ కలయిక, ఎందుకంటే అప్పుడు నిజంగానే కాళ్లకి మోయలేని బరువు పడుతుంది. లేదా తల్లి పొడవాటి కానన్‌కి తండ్రి బరువైన గిట్ట అమరి నడకలోని తేలికంతా పోవచ్చు. పైగా మొదటి తరం చూడ్డానికి బాగానే కుదిరినా, దాని పిల్లల్లో ఆ గుణాలు మళ్లీ విడిపోయి అటూ ఇటూ చెదురుతాయి. అందుకే ఒక లోపాన్ని దానికి ఎదురు కొసలో ఉన్న లోపంతో సరిచేయాలని చూడకూడదు. సన్నని కాలికి జోడు సరైన కాలు, మరీ లావు కాలు కాదు. మోకాలు వెనక్కి వంగినదాన్ని మోకాలు ముందుకి వంగినదానికి కలిపితే నిటారు కాళ్లు రావు. ఏదో ఒక వంపే వస్తుంది.

తల్లి వంతు ఎంత అనేదానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 1938లో కేంబ్రిడ్జ్‌లో వాల్టన్, హామండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాలకీ చిన్న షెట్లాండ్ పోనీలకీ రెండు వైపులా సంకరం చేసిన ఫలితాలు ప్రచురించారు. జన్యువులు చూస్తే రెండు రకాల పిల్లలూ సగం సగమే. అయినా షైర్ తల్లికి పుట్టినవి షెట్లాండ్ తల్లికి పుట్టినవాటికన్నా పుట్టుకలో దాదాపు మూడింతలు బరువున్నాయి. తల్లి గర్భం ఇచ్చే చోటు, తిండి పిల్ల సైజుని అంతగా శాసిస్తాయి. పెద్ద స్టాలియన్ మీద ఆశలన్నీ పెట్టుకునేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ సంగతే చెప్తాను. తల్లి మీ చేతిలో ఉన్న సగం, ఇంకా చెప్పాలంటే సగానికన్నా కొంచెం ఎక్కువే. ఎముక కావాలంటే ఎముక ఉన్న ఆడ పోనీల వంశం పెంచుకోవాలి. ఒక్క స్టాలియన్‌తో అది కొనుక్కోలేం.

షెట్లాండ్ పోనీల చరిత్రలో కూడా ఇదే కనబడుతుంది. బ్రిటన్‌లో 1842 నాటి గనుల చట్టం ఆడవాళ్లనీ పదేళ్లలోపు మగపిల్లల్నీ భూగర్భ పనినుంచి తప్పించాక బొగ్గు గనుల్లో చిన్న పోనీలకి గిరాకీ పెరిగింది. పొట్టి కాళ్లు, బరువైన ఒళ్లు ఉన్న మగ పోనీలు చాలావరకు షెట్లాండ్ దీవుల్నుంచి గనులకి తరలిపోయాయి. మంచివి పోయి, మిగిలినవి తండ్రులయ్యాయి. జాతి పలచబడింది. ఆ తర్వాత లండన్‌డెరీ ప్రభువు కుటుంబం బ్రెస్సే, నాస్ దీవుల్లో ప్రత్యేకంగా బ్రీడింగ్ కేంద్రం పెట్టి, ఏరిన ఆడ పోనీల మీద, జాక్ అనే స్టాలియన్ వంశం మీద ఆధారపడి మళ్లీ ఎముకని నిలబెట్టాల్సి వచ్చింది. మనం కూడా మంచి పిల్లలన్నీ అమ్మేసి మిగిలినవాటితో ఈతలు తీస్తే అదే జరుగుతుంది.

ఎముక మందం గురించి చెప్పాను, కానీ నా లెక్కలో దానికన్నా ముందు చూడాల్సింది కీళ్లు. ముందునుంచి చూస్తే మోకాలు వెడల్పుగా, చదునుగా ఉండాలి. కానన్ దాని మధ్యలోంచి దిగాలి. కానన్ బయటి పక్కకి జరిగి దిగితే లోపలి స్ప్లింట్ ఎముక మీద భారం ఎక్కువ పడుతుంది, అక్కడ గట్టి బుడిపెలు వస్తుంటాయి. పక్కనుంచి చూస్తే మోకాలు వెనక్కి వంగి ఉండటం నేను క్షమించని లోపం. ప్రతి అడుగులో మోకాలి ముందు అంచున చిన్న ఎముకలు నొక్కుకుంటాయి, పరుగులో అయితే చిట్లే ప్రమాదం కూడా ఉంది. ముందుకి కొద్దిగా వంగి ఉండటం చూడ్డానికి బాగుండదు గానీ చాలావరకు హాని లేనిది. ఈ రెండిట్లో తేడా తెలియక మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని అమ్మేసినవాళ్లని చూశాను.

కానన్ పొట్టిగా, దాని పైన ముంగాలి భాగం పొడవుగా ఉండాలి. మోకాళ్లు, హాక్‌లు (వెనక కాళ్ల మధ్యలో ఉండే కీళ్లు) నేలకి దగ్గరగా ఉన్నట్టు కనబడాలి. ఒకే మందం ఉన్న రెండు కర్రల్లో పొట్టిది వంగదు కదా, కాలు కూడా అంతే. 16.5 సెంటీమీటర్ల పొట్టి కానన్‌ని 18 సెంటీమీటర్ల పొడవాటి కానన్ కన్నా నేను ఇష్టపడతాను. ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది. పిల్ల పుట్టేసరికే కానన్ పొడవు చాలావరకు వచ్చేస్తుంది, ఆ తర్వాత పెరిగేది కొంచెమే. కాబట్టి కానన్ పొడవు ఎంతో పుట్టిన కొత్తలోనే తెలుస్తుంది. మందం మాత్రం ఆగి చూడాలి.

వెనక కాళ్లలో పోనీలకి ప్రత్యేకంగా చూడాల్సింది స్టైఫిల్ (మోకాలిచిప్ప ఉండే పై కీలు), హాక్. వెనక కాలు మరీ నిటారుగా ఉంటే మోకాలిచిప్ప ఇరుక్కుపోయే బెడద ఉంటుంది. కాలు వెనక్కి బిగుసుకుపోయి గుర్రం కొన్ని క్షణాలు ఈడుస్తుంది. షెట్లాండ్లలో, మినియేచర్లలో మోకాలిచిప్ప పక్కకి జారే సమస్య కూడా ఎక్కువ. ఈ లక్షణం ఉన్న స్టాలియన్‌ని, అది ఎంత పుష్టిగా ఉన్నా, నేను దాటించను. హాక్‌లు వెనకనుంచి చూస్తే కొద్దిగా లోపలికి ఉండటం కొండజాతి పోనీల్లో మామూలే, దానికి బెంగపడక్కర్లేదు. పక్కనుంచి కొడవలిలా వంగి ఉండటం వేరే విషయం. అది వద్దు.

గిట్ట ఎముకకి తగ్గట్టు ఉండాలి. లావు కాలికి ఇరుకు గిట్ట పెట్టిన పోనీ నాకు ఎప్పుడూ అనుమానమే. ఇక భుజం వాలు, మూపు, మెడ అమరిక, ఛాతీ లోతు గురించి మీరు పంపిన వివరాలను బట్టి మీ పోనీకి ఢోకా లేదు, కాబట్టి అవి వదిలేస్తున్నాను. పళ్లు మాత్రం పెదవులు తెరిచి ఒకసారి చూడండి. ముందు పళ్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కలవాలి, చిలక ముక్కులా పై దవడ ముందుకి పొడుచుకు రాకూడదు.

కంటికి కనిపించని లోపాలకి ఇప్పుడు జన్యు పరీక్షలు ఉన్నాయి, వాడుకోండి. కనెమరా పోనీల్లో గిట్ట గోడ చీలిపోయే వ్యాధికి కారణమైన జన్యుమార్పు 2015లో బయటపడింది. ఫెల్, డేల్స్ పోనీల్లో పిల్లల రోగనిరోధక శక్తి పడిపోయే వ్యాధికి పరీక్ష ఉంది. షెట్లాండ్లలో కాలి ఎముకలు వంకరపోయే అటవిజం అనే పరిస్థితి కూడా వంశపారంపర్యమే. ఈ మూడూ తల్లీ తండ్రీ ఇద్దరూ మోసుకొస్తేనే పిల్లలో బయటపడతాయి. అలా ఇద్దరూ మోస్తున్నప్పుడు ప్రతి ఈతకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. వీటిని మోసే పోనీ చూడ్డానికి చక్కగా, కాళ్లు ఇనుములా ఉండొచ్చు.

మీ పోనీ ఎముక సన్నగా ఉండటానికి వంశమే కారణమా, పెంపకమా అనేది కూడా తేల్చుకోవాలి. ఎముక పనిని బట్టి గట్టిపడుతుంది. పచ్చికలో పరిగెత్తుతూ పెరిగిన పిల్ల ఎముక, గదిలో కట్టేసి పెంచిన పిల్ల ఎముక ఒకటి కావు. తిండిలో కాల్షియం ఫాస్ఫరస్ కన్నా తక్కువ కాకూడదు, ఒకటిన్నర రెండింతలు ఉంటే మంచిది. తవుడు ఎక్కువగా పెడితే ఫాస్ఫరస్ పెరిగిపోయి ఎముక బలహీనపడుతుంది. ఇలా పెంపకం వల్ల సన్నగా మిగిలిపోయిన తల్లి తన వంశపు ఎముకని పిల్లకి ఇవ్వగలదు. అది తెలియాలంటే దాని తల్లినీ, తోబుట్టువుల్నీ కొలవాలి. మీ పోనీ 16.5, దాని తల్లి 18, అక్క 17.8 అయితే నేను నిశ్చింతగా ఉంటాను. అందరూ 16 దగ్గరే ఉంటే అది వంశం లక్షణం, స్టాలియన్ ఎంపికలో మరింత జాగ్రత్త కావాలి.

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఎముక రావాలని పిల్లలకి దాణా దట్టించకండి. ఏడాది పిల్లలో మోకాలి పైన, ఫెట్‌లాక్ పైన గుబ్బల్లా ఉబ్బి ఉంటే దాన్ని చూసి మంచి ఎముక అని మురిసిపోయేవాళ్లున్నారు. అది చాలాసార్లు పెరుగుదల ఫలకాల వాపు. తాకితే వెచ్చగా, నొక్కితే నొప్పిగా ఉంటుంది. దాణా తగ్గించి డాక్టర్‌కి చూపించాల్సిన పరిస్థితి. పైగా పోనీలకి ఎక్కువ తిండి అంటే లామినైటిస్‌ని (గిట్ట లోపల వచ్చే బాధాకరమైన వాపుని) పిలిచినట్టే. పిల్ల కాళ్లు పక్కకి వంకరగా ఉంటే ఆగి చూద్దాం అనుకోకండి. ఫెట్‌లాక్ దగ్గర పెరుగుదల మొదటి రెండు మూడు నెలల్లోనే చాలావరకు అయిపోతుంది, సరిచేసే గడువు అక్కడ చాలా తక్కువ. మోకాలి దగ్గర ఇంకాస్త సమయం ఉంటుంది.

ఇక మీ స్టాలియన్ విషయం. అతని అంకెలు పక్కన పెట్టి అతని పిల్లల్ని చూడండి. అందులోనూ మీలాంటి సన్నని ఆడ పోనీలకి పుట్టినవి, కనీసం మూడేళ్లు నిండినవి. బరువైన ఆడ పోనీలకి పుట్టిన బరువైన పిల్లలు మీకేమీ చెప్పవు. ఒక్క పిల్లతో తేల్చుకోకండి, నాలుగైదు దొరికితే మంచిది. ప్రతిదాన్నీ వేళ్లతో తడమండి, రెండుచోట్ల కొలవండి, నడిపించి చూడండి. తల్లి నడక నిలిచిందా, మోకాళ్లు నిటారుగా ఉన్నాయా, కానన్ పొట్టిగా వచ్చిందా చూడండి. ఈ మూడూ బాగుంటే అతనికి దాటించండి, నేను అభ్యంతరం చెప్పను.

అలాంటి పిల్లలు దొరక్కపోతే 18 నుంచి 18.5 వరకు ఎముక ఉన్న మంచి సెక్షన్ బి స్టాలియన్‌ని వెతకండి. పొట్టి కానన్, వెడల్పు మోకాలు, విడివిడిగా తగిలే టెండన్ ఉండాలి. ఒక్క ఈతలో 16.5 నుంచి 18 అందుకోవాలని ఆశపడకండి. పుట్టిన ఆడపిల్ల 17.2 అయినా, కాలు శుభ్రంగా ఉంటే, అది మీరు అమ్మకుండా ఉంచుకోవాల్సిన పిల్ల. దాన్ని మళ్లీ అలాంటి స్టాలియన్‌కే దాటించండి.

నిర్ణయం తీసుకునేముందు నాకు కొన్ని ఫోటోలు, కొలతలు పంపండి. పోనీ గట్టి నేల మీద సమానంగా నిలబడి ఉండాలి. ఫోన్‌ని పోనీ మోకాలి ఎత్తులో పట్టుకుని తీయాలి, నిలబడి పైనుంచి తీస్తే కానన్ పొట్టిగా కనబడి మోసం చేస్తుంది. ముందునుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి, రెండు పక్కలనుంచి ఒక్కోటి. కాళ్లు తడిపి వెంట్రుకలు అణిచి, మోకాలినుంచి గిట్ట వరకు దగ్గరగా ఇంకోటి. కొలతలు మోకాలి కింద, కానన్ మధ్యలో, రెండు ముందు కాళ్లకీ. దాని తల్లి కొలత కూడా సంపాదించగలిగితే అన్నిటికన్నా ఉపయోగం అదే.